ఎవరి మాట వాళ్లదే

పిల్లలు లేని దంపతులపై పరిశోధన చేస్తున్నప్పుడు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వైపు ఊళ్లకు బస్సులో తిరిగేదాన్ని. భార్యలతోపాటు భర్తలతోనూ మాట్లాడాలన్నది నా పట్టుదల.

ఒక ఊళ్లో పదెకరాల రైతు ఒకాయన సరేనన్నాడు. తీరా వెళ్తే ఇద్దరు స్నేహితులను పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నాడు. నేను నోరు తెరవకముందే ఆయనే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"పెండ్లయిందా మేడం? మీ సారు గిట్ల ఒక్కదాన్ని తిరగనిస్తడా?"

"అయిందన్నా. ఆయన్ని అడగలే, చెప్పొచ్చిన."

స్నేహితులు నవ్వారు. వాళ్ల ముందు ఈయన మాట్లాడడని అర్థమైంది. "మీ మక్కచేను చూపిస్తరా?" అన్నాను. స్నేహితులు ఎండకు కదల్లేదు. మేమిద్దరమే బయల్దేరాం.

ఆయన్ని అడిగి ఫోన్‌లో రికార్డింగ్ పెట్టాను. మొక్కజొన్న చేను గట్టు మీద ఆయన ముందు, నేను వెనక. నా ముఖం కనబడకపోవడం ఆయనకు తేలికైనట్టుంది. కాసేపు వానల గురించి మాట్లాడి, తర్వాత అసలు సంగతి చెప్పాడు. చెప్పాక ఆగిపోయి వెనక్కి తిరిగాడు.

"గా మాట తీసేయ్ మేడం. యాడా రాయద్దు."

ఆయన చూస్తుండగానే చెరిపేశాను. మనసు చివుక్కుమంది. అంత సూటిగా మాట్లాడిన మగవాడు అప్పటిదాకా దొరకలేదు మరి. ఆ మాట ఇక్కడ కూడా రాయను.

బస్సు కోసం నిలబడితే ఆయన భార్య గబగబా వచ్చింది.

"ఏం చెప్పిండు?"

"ఆయన మాట నేను చెప్పరాదక్కా."

"రిపోర్టు నేనే సదివిన. లోపం ఆయనదే. అయినా మా అత్త నన్నే గొడ్రాలంటది, ఆయన ఊకుంటడు. నీ దగ్గరన్నా ఒప్పుకున్నడా లేదా, గదొక్కటి చెప్పు."

చెప్పేయాలని ఎంత అనిపించిందో. 'అవును' అనో 'లేదు' అనో ఒక్క మాట చాలు ఆమెకు. అయినా ఆపుకున్నాను. "గదిగూడ ఆయన్నే అడుగక్కా. నీ మాట వినేటందుకు మళ్లొస్త."

ఆమెకు కోపం వచ్చింది. నాకు ఎడంగా వెళ్లి నిలబడింది. నేను ఎక్కుతుంటే మాత్రం, "మంగళవారం రా. ఆయన ఊళ్లె ఉండడు, పిట్లం పోతడు" అంది.

సంగతి విని మా గైడు, "చేతికొచ్చింది పోగొట్టుకున్నావమ్మా" అన్నారు. "అది ఆయనది సార్, నాది కాదు" అన్నాను.

మంగళవారం ఆమె ఇంటికి వెళ్లి కూర్చుంటే అత్తగారు రెండుసార్లు తొంగిచూసింది. మూడోసారి కోడలే లేచి, "మేం మాట్లాడుతున్నం అత్తా" అని తలుపు దగ్గరకు వేసింది. రెండు గంటలు చెప్పింది. అంతా రాసుకోమంది, పేరు మాత్రం వద్దంది.