తాళం ఆపే చెయ్యి

రెండు వారాల కిందట, మామిడికాయల లారీలో గడ్డి పరిపిస్తుండగా ఫోన్ వచ్చింది. "అమ్మ పోయిందండీ," అన్నారు అలివేలు మేడం గారి అమ్మాయి. నూజివీడులో డిగ్రీ చదివేటప్పుడు మాకు సంగీతం చెప్పిన మేడం. వెంటనే ఆ అమ్మాయే అన్నారు: "సంస్మరణ సభలో మీరే పాడాలని చెప్పి మరీ పోయిందండీ." దాంతో నా దుఃఖంలో సగం భయమైపోయింది. బి.ఏ. అయ్యాక నేను గొంతెత్తింది మార్కెట్ యార్డులో బేరాలాడటానికే.

సంగీతం మీద ప్రేమతో చేరినవాణ్ణి కాదు. హిస్టరీ, ఎకనామిక్స్‌తో పాలిటిక్స్ కలిసిన గ్రూపులో సీట్లు అయిపోయాయి. పాలిటిక్స్ బదులు సంగీతం ఉన్న గ్రూపులో మాత్రం ఖాళీలే ఖాళీలు.

"ఎప్పుడైనా పాడావా?" అన్నారు మేడం.

"లేదండీ. తోటలో కోతుల్ని తోలడానికి అరుస్తానండీ."

"గొంతుందన్నమాట. శ్రుతి సంగతి నేను చూసుకుంటాలే. కూర్చో."

ఆవిడ తిట్టేవారు కాదు. మేం పాడుతుంటే తొడ మీద తాళం వేసేవారు. శ్రుతి తప్పగానే ఆ చెయ్యి గాలిలో ఆగిపోయేది. మళ్ళీ కలిసేదాకా దిగేది కాదు. నా ధాటికి ఒకసారి పీరియడ్ మొత్తం అలాగే ఉండిపోయింది. బెల్లు కొట్టాక, "నొప్పెడుతోందయ్యా," అంటూ భుజం రుద్దుకున్నారు.

గొప్పకి పోయి గమకాలు దంచితే, "కార్బైడ్ పెట్టి మగ్గబెట్టిన పండులా ఉంది. రంగొచ్చింది గానీ తీపి రాలేదు. తొందరపడకు," అనేవారు. ఎకనామిక్స్ బుర్రకెక్కడం లేదని మొత్తుకుంటే ఆవిడ చెప్పిన చిట్కా ఇది: "మీ సార్ గొంతు ఎక్కడ తడబడుతుందో విను. పరీక్షలో ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. వినడం నేర్చుకున్నవాడికి ఏ సబ్జెక్టయినా వస్తుందయ్యా." ప్రశ్న నిజంగానే అక్కడి నుంచి వచ్చింది.

నా సాధన మా తోటలోనే. మొదటి ఏడాది నేను నోరు తెరిస్తే చాలు, కోతులు పక్క తోటలోకి పరుగు. నాన్న మురిసిపోయాడు: "ఈ చదువేదో బాగుందిరా. కాపలా మనిషి అక్కర్లేదు." మూడో ఏడాదికి అవి బెదరడం మానేశాయి. కొమ్మల మీద తీరిగ్గా కూర్చుని, మా కాయలే కొరుకుతూ వినేవి. నాన్న నేరుగా కాలేజీకొచ్చాడు.

"ఏంటండీ మేడం గారూ, మావాణ్ణి ఇలా చేశారు! ఒక్క కోతీ కదలట్లేదండీ."

మేడం ముఖం వెలిగిపోయింది. "అయితే పాసైనట్టేనండీ!" అన్నారు. అందులో అంత సంబరపడటానికి ఏముందో నాన్నకి ఆఖరిదాకా అర్థం కాలేదు.

కాలేజీ వదిలేటప్పుడు ఆవిడ నన్ను కోరింది ఒక్కటే: "రోజూ కాసేపు పాడుకో." సరేనన్నాను, వ్యాపారంలో పడి వదిలేశాను. ఏటా సీజన్లో ఒక బుట్ట చిన్నరసాలు మాత్రం పంపేవాణ్ణి. వెళితే పాడమంటారని వెళ్ళేవాణ్ణి కాదు. ఆ బుట్టే గురుభక్తి అని నన్ను నేను నమ్మించుకున్నాను. పళ్ళు అందగానే ఫోన్ చేసేవారు.

"పళ్ళు తియ్యగా ఉన్నాయయ్యా. గొంతెలా ఉంది?"

"సిగ్నల్ సరిగా లేదండీ మేడం," అనేవాణ్ణి.

సభకి ముందురోజు తోటలోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాను. పల్లవి పూర్తయ్యేలోపే కోతులన్నీ పారిపోయాయి.

అయినా మర్నాడు పాడాను. ఆవిడ మాకు నేర్పిన మొదటి కీర్తన. రెండో చరణంలో శ్రుతి జారింది. అలవాటు కొద్దీ ముందు వరసలోకి చూశాను. హాల్లో అందరూ మర్యాదగా తాళం వేస్తూనే ఉన్నారు. గాలిలో ఆగిన చెయ్యి ఒక్కటీ లేదు. మేడం లేరన్న సంగతి నాకు నిజంగా తెలిసింది అప్పుడే.

తొడ మీద తాళం వేస్తున్న నా చెయ్యిని నేనే గాలిలో ఆపుకున్నాను. శ్రుతి అందేదాకా ఆగి, మొదటి నుంచి మళ్ళీ పాడాను. ఇంతకాలానికి ఆవిడకి నేను పెట్టిన దణ్ణం అదొక్కటే.