నేల మీద బిగించాల్సిన బోల్టు

2012 జూన్‌లో శంషాబాద్‌లోని ఒక ప్రైవేటు వర్క్‌షాప్‌లో నన్ను సస్పెన్షన్ విభాగానికి ఫోర్‌మన్‌గా వేశారు. ఎయిర్‌పోర్టు వచ్చాక చుట్టుపక్కల రోడ్లు నున్నబడ్డాయి. కారు బాడీని నేలకు దగ్గరగా కిందికి దించే పిచ్చి కుర్రకారుకు పట్టుకుంది. కంపెనీవాడు లెక్కగట్టి ఇచ్చిన ఎత్తును మనమెందుకు చెడగొట్టాలని గొణుక్కుంటూనే ఆ పని చేసేవాణ్ణి.

ఒకరోజు జల్‌పల్లి నుంచి సలీం వచ్చాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో ఉద్యోగం. బయట కొన్న కాయిలోవర్లు తెచ్చాడు. అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన సెట్టు. మరలున్న రింగును తిప్పితే కారు ఎత్తు మారుతుంది. నాలుగూ ఎక్కించి, టైరుకూ దాని పైనున్న ఫెండరు రేకుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉంచాను.

ఈ పనిలో ఒక నియమం ఉంది. చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్‌లకు రబ్బరు బుష్‌లుంటాయి. కారును పైకెత్తే లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుంటాయి కనుక వాటి బోల్టులను వదులుగా ఉంచి, కారు నేలకు దిగి బరువు చక్రాల మీద పడ్డాకే గట్టిగా బిగించాలి. లేదంటే రబ్బరు మెలితిరిగి ఉండిపోయి, ప్రతి కుదుపునూ కారులోకి పంపిస్తుంది. దించిన కారు కిందికి మనిషి దూరలేడు, పిట్ మీదికి, అంటే మనిషి దిగి నిలబడే గుంత మీదికి తేవాలి. ఆ రోజు పిట్ మీద వేరే బండి ఉంది. ఏమవుతుందిలే అని లిఫ్టు మీదే బిగించేశాను.

మూడు వారాలకు సలీం మళ్లీ వచ్చాడు. "ఉస్తాద్, అమ్మీకి నడుము ఆపరేషన్ అయింది. వారం వారం దవాఖానకు తీస్కపోవాలె. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా ఏడుస్తున్నది. ఇగ నీ కార్ల రాను అంటున్నది. మొత్తం తీసెయ్," అన్నాడు.

దించిన కారు పల్లకీలా పోతుందా అని కసిరాను. అతడు వెనక సీట్లో అమ్మీ కోసం వేసిన దిండును సర్దాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నేను చేసిన నిర్వాకం.

కారును పిట్ మీదికి తెప్పించి వెనక బోల్టు వదులు చేయగానే కారు వెనక భాగం టక్కుమని ఇంకాస్త కుంగింది. బుష్ రబ్బరు చీలి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు నీ సామానుది కాదు, నాదని సలీంతో చెప్పాను.

కొత్త బుష్‌లు వేసి, కారు కొంచెం ఎత్తు పెరిగేలా రింగులు తిప్పి, వాళ్ల అమ్మను పిలిపించాను. ఆవిడ ఎప్పుడూ కూర్చునే వైపే వెనక సీట్లో కూర్చున్నాక, పిట్‌లోకి దిగి చివరి బిగింపు బిగించాను. రాజేంద్రనగర్ దాకా తిప్పుకొచ్చాం. ఆవిడ దిగుతూ, "జర గట్టిగనే ఉన్నది బేటా, కని నడుముకు తాకుత లేదు. గిట్లయితే వస్త," అంది.

కారు తన బరువు మీద తాను నిలిచాకే బోల్టు బిగించాలని ఎందరికో నేర్పాను. నేర్పినవాడికి మినహాయింపు ఉంటుందనుకున్నాను. ఆ అనుకోవడానికి ఖరీదు నేను చెల్లించలేదు, ఆవిడ నడుము చెల్లించింది.