గాలి వాళ్ళది, కాళ్ళు మనవి

మా ఆడపడుచు ఏ ఇంటికి వెళ్ళినా ముందు కిటికీ తెరుస్తుంది. కూర్చోమన్నా కూర్చోదు, మంచినీళ్ళిచ్చినా తాగదు, ముందు కిటికీ సంగతి చూడాల్సిందే. నేను కోడలిగా వచ్చిన మర్నాడు పొద్దున్నే మా గది తలుపు తట్టి లోపలికి వచ్చింది. "వదినా, కొత్త రంగు వాసన. గాలి ఆడకపోతే తలనొప్పి వస్తుంది" అంటూ రెక్కలు బార్లా తీసేసి వెళ్ళిపోయింది. అప్పటికింకా బడికి వెళ్ళే పిల్ల. ఆ రోజే దానికి మొండిఘటం అని పేరు పెట్టాను. ఇన్నేళ్ళలో ఆ పేరు మార్చాల్సిన అవసరం రాలేదు.

వాళ్ళమ్మ, అంటే మా అత్తయ్య, చెప్పుల కార్ఖానాలో జిగురు గదిలో పని చేస్తుంది. చెప్పు అడుగుకి జిగురు పూసి పైభాగాన్ని అతికించడం ఆవిడ పని. మామయ్య పోయాక ఇద్దరు పిల్లల్నీ ఆ జిగురుతోనే పెంచింది. ఆ గదికి కిటికీలు లేవా అంటే ఉన్నాయి. దుమ్ము పడితే అతుకు పట్టదని మేనేజరు వాటికి మేకులు కొట్టించాడు. సాయంత్రం ఆవిడ మెట్లెక్కి వస్తుంటే మనిషికన్నా ముందు వాసన వచ్చేది. ఆవిడ మాత్రం "ఏం వాసన? నాకేం రావట్లేదే" అనేది.

మొండిఘటం డిగ్రీ అయ్యాక ఉద్యోగం చూసుకుంటుందనుకున్నాం. అది పైచదువుకి వెళ్ళింది, పర్యావరణ ఆరోగ్య శాస్త్రమట. పక్కింటావిడ "మొక్కలు నాటే చదువా?" అని అడిగింది. నాకూ తెలియదు కాబట్టి నవ్వి ఊరుకున్నాను. తరవాత నేను అడిగితే అది చెప్పింది.

"మనిషికి జబ్బు చేస్తే మందులషాపుకి పరిగెడతాం కదా వదినా. మేం అటు వెళ్ళం. వాడు ఏ గాలి పీలుస్తున్నాడు, ఏ నీళ్ళు తాగుతున్నాడు, ఏ గదిలో పని చేస్తున్నాడు అని వెతుకుతాం."

"దొరికితే?"

"దొరికితే ఊరుకోం."

ఈ చదువు దీనికోసమే పుట్టిందనుకున్నాను.

ఆఖరి ఏడు ఒక పరిశోధన చేసి సిద్ధాంత పత్రం ఇవ్వాలి. అది ఎంచుకున్నది వాళ్ళమ్మ పనిచేసే జిగురు గదినే. కార్ఖానా యజమాని వెంటనే ఒప్పుకున్నాడు. కాలేజీ వాళ్ళు గాలి కొలిచి బాగుందంటే ఆ కాగితాన్ని పటం కట్టించి గోడకి తగిలించుకోవచ్చని ఆయన ఆశ. మొండిఘటం అరచేతిలో ఇమిడే బిళ్ళలు తెచ్చింది. ఆ బిళ్ళ మెడ దగ్గర తగిలించుకుంటే, మనిషి పీల్చే గాలిలో జిగురులోంచి లేచే మందు ఆవిరి ఎంత ఉందో అంతా అది పట్టి ఉంచుతుందట. సాయంత్రం మూత పెట్టి ల్యాబుకి పంపితే లెక్క తేలుతుంది. పొద్దున్న వెళ్ళి అందరికీ తగిలించడం, సాయంత్రం వెళ్ళి తీసుకోవడం దీని వంతు. మధ్యలో గదిలో ఉండటానికి మేనేజరు ఒప్పుకోలేదు.

లెక్క వచ్చిన రోజు అది ఇంటికొచ్చి, కిటికీ కూడా తెరవకుండా నా కుట్టుమిషను పక్కన కూలబడింది. ఆ ఒక్కటి చూసే నాకు భయమేసింది.

"జిగురు గది గాలి మన వీధి గాలంత శుభ్రంగా ఉందట వదినా. ప్రొఫెసరు గారు తెగ సంతోషపడిపోతున్నారు. రాసి ఇచ్చెయ్యమన్నారు."

అప్పుడే అత్తయ్య పని నుంచి వచ్చింది. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. ఈ మధ్య ఇదో తంతు. మెట్ల మీద చెప్పు ఎక్కడ జారిపోయిందో ఆవిడకే తెలియదు. నేను దిగి వెళ్ళి తెచ్చేలోగా ఆవిడ కూతుర్ని అడుగుతోంది.

"మార్కులు బాగా వచ్చాయటే?"

"మార్కులేంటమ్మా?"

"బిళ్ళలకి. మేమంతా ఎంత జాగ్రత్తగా చూసుకున్నామనుకున్నావు. నువ్వు అటు వెళ్ళగానే తీసి అన్నం సంచుల్లో పెట్టి బయట వరండాలో తగిలించేశాం. సాయంత్రం నువ్వొచ్చేముందు మళ్ళీ పెట్టుకున్నాం. ఒక్కదానికి కూడా జిగురు వాసన అంటలేదు."

మొండిఘటం లేచి వాళ్ళమ్మ ఎదురుగా నిలబడింది.

"ఎందుకమ్మా?"

"ఎందుకేంటే? బడికి ఏనాడైనా నిన్ను మాసిన బట్టల్తో పంపానా? నీ పరీక్ష బిళ్ళల్ని మురికి చేసి ఇస్తామా మేము?"

నాకు నవ్వొచ్చింది. ఆ ఆడవాళ్ళందరికీ ఈ పిల్లంటే ఎంత ప్రేమో చూడండి. ఆ ప్రేమే దాని కొంప ముంచింది.

మర్నాడు అది ఉన్నదున్నట్టు ప్రొఫెసరు గారికి చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు, కాకపోతే కడుపులో చల్ల కదలకుండా బతికేవాడు. "అన్నం సంచుల్లో పెట్టడం నువ్వు కళ్ళతో చూశావా? చూడలేదుగా. ల్యాబు ఇచ్చిందే లెక్క. పట్టా తీసుకుని వెళ్ళమ్మా" అన్నాడట. మళ్ళీ కొలవనివ్వమని యజమానిని అడిగితే గేటు దగ్గరే ఆపేశారు. ఇంట్లో మా ఆయన "కొరివితో తల గోక్కోకు" అన్నాడు. అత్తయ్యయితే ఏడ్చినంత పని చేసింది.

"బాగుందని రాసెయ్యవే. నీకు పట్టా ఉంటుంది, నాకు పని ఉంటుంది. ఎవరికేం నష్టం?"

"నీ కాళ్ళకి నష్టం. ఆ జిగురు ఆవిరి పీలిస్తే కాళ్ళలో నరాలు మొద్దుబారతాయి."

"వయసొస్తే కాళ్ళు తిమ్మిర్లెక్కవా?"

"నీ చెప్పు ఎక్కడ జారిందో నీకు తెలుస్తోందా అమ్మా?"

అత్తయ్య విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయింది. మొండిఘటం వాళ్ళమ్మ చెప్పు వంక చూసింది. వెళ్ళి కిటికీ తెరిచింది.

"గాలి వాళ్ళది వదినా. గేటేసి ఆపేశారు. కాళ్ళు మనవి కదా. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాయి."

అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. మా ఆడపడుచు ఏ మొహమాటమూ లేకుండా కాళ్ళే పట్టుకుంది. కాలేజీ కమిటీ చుట్టూ తిరిగి కొత్తగా అనుమతి తెచ్చుకుంది. నా కుట్టుమిషను గోడకి జరిపి ముందుగదిలో కుర్చీలు వేసింది. పని దిగాక జిగురు గది వాళ్ళు ఒకరోజు, పోల్చి చూడటానికి అదే కార్ఖానాలో జిగురు ముట్టని కుట్టుగది వాళ్ళు ఒకరోజు రావడం మొదలుపెట్టారు. ముందు చక్కెర జబ్బు ఉందేమో చూసేది, దానివల్ల కూడా కాళ్ళు మొద్దుబారతాయట. తరవాత బడిలో సైన్సు మాస్టారు బల్లకి కొట్టి చెవి దగ్గర పెట్టేవాడే, అలాంటి రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని మోగించి కాలి బొటనవేలి మీద ఆనించేది. "జుమ్మని తెలుస్తోందా? ఆగిపోగానే చెప్పండి" అనేది.

కుట్టుగది వాళ్ళు కితకితలని నవ్వారు. జిగురు గది వాళ్ళు కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. "ఏదీ, ఇంకా పెట్టలేదుగా" అంది ఒకావిడ. కడ్డీ ఆవిడ వేలి మీదే ఉంది.

అన్ని రోజులూ అత్తయ్య వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. అందరూ అయిపోయాక చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఊళ్ళో వాళ్ళందరి కాళ్ళూ పట్టుకున్నావు. నావి పనికిరావా?"

మొండిఘటం కడ్డీ మోగించి ఆనించింది.

"అది మోగట్లేదే" అంది అత్తయ్య.

మొండిఘటం అదే కడ్డీని తెచ్చి నా బొటనవేలికి ఆనించింది. నేను ఉలిక్కిపడి కాలు లాక్కున్నాను. అత్తయ్య నా కాలు చూసింది, తన కాలు చూసుకుంది. "ఇంకొంచెం గట్టిగా కొట్టు" అంది. గట్టిగా కొట్టింది. "ఇంకా" అంది. మూడోసారి కొట్టాక మొండిఘటం కడ్డీ కింద పెట్టేసింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మేకులు కొట్టించినవాణ్ణి పట్టుకుని దులపాలనిపించింది.

విషయం కార్ఖానాకి చేరింది. కూతుర్ని అదుపులో పెట్టుకో, లేదంటే నువ్వూ ఇంట్లోనే కూర్చో అని మేనేజరు అత్తయ్యని బెదిరించాడు. ఆవిడ మాకు చెప్పనే లేదు, తరవాత తోటివాళ్ళ నోట విన్నాం. పత్రం మీద కాలేజీలో మౌఖిక పరీక్ష జరిగే రోజు మాత్రం పనికి నాగా పెట్టి, ఇస్త్రీ చీర కట్టుకుని, నాతోపాటు వచ్చి వెనక వరసలో కూర్చుంది. చెప్పులు జారకుండా మడమ వెనక నేనే పట్టీలు కుట్టాను.

మొండిఘటం అన్నీ రాసింది. కాళ్ళ సంగతి రాసింది, బిళ్ళల సంగతీ దాచలేదు. పరీక్షించడానికి బయటి నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళద్దాల పైనుంచి చూసి, "గాలి బాగుందని నీ లెక్కే చెబుతోంది. ఆ లెక్క తప్పని నువ్వే అంటున్నావు. సాక్ష్యం ఏది?" అని అడిగింది. ప్రొఫెసరు గారు తల వంచుకున్నారు.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. అత్తయ్య లేచి నిలబడింది.

"నేనేనండి. బిళ్ళలు అన్నం సంచిలో పెట్టింది నేనే. మా పిల్లకి మంచి మార్కులు రావాలని అందరిచేతా పెట్టించాను. అది రాసింది నిజం."

పెద్దావిడ అత్తయ్య కాళ్ళ వంక, మడమల వెనక పట్టీల వంక చూసింది.

"ఆ గదికి కిటికీలు లేవా అమ్మా?"

"ఉన్నాయండి. మేకులు కొట్టారు."

"మరి ఎవరూ పీకలేదా?"

అత్తయ్య కూర్చుండిపోయింది. మొండిఘటం పాసయిందని చెప్పారు. అత్తయ్య మాత్రం ఇంటికొచ్చేదాకా ఆ ప్రశ్నే తలుచుకుంటూ ఉంది.

మర్నాడు జరిగింది జిగురు గది వాళ్ళు చెబితే విన్నాను. అత్తయ్య తన చోట్లో కూర్చోలేదట. తప్పుగా అతికిన చెప్పు అడుగుల్ని పీకే పట్టకారు తీసుకుని, బల్ల ఎక్కి, మొదటి కిటికీ మేకులు ఒక్కొక్కటే లాగింది. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు.

"దిగు. దుమ్ము పడితే అతుకులు ఊడిపోతాయి."

"ఊడితే మళ్ళీ అంటిస్తాం. ఇన్నేళ్ళూ చేసింది అదేగా" అంది అత్తయ్య, చేతిలో పని ఆపకుండా. "మా కాళ్ళు చచ్చిపోతే నువ్వంటిస్తావా?"

"నీ పని పోతుంది."

"పోనీ. ఈ కిటికీ తీశాక పోనీ."

అప్పటికి మిగతావాళ్ళు కూడా పట్టకార్లు తీసుకుని రెండో కిటికీ దగ్గరికి వెళ్ళారట. అందర్నీ పంపేస్తే చెప్పులెవరు చేస్తారు? మేనేజరు యజమానికి ఫోను చెయ్యడానికి బయటికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి, తెరిచిన కిటికీల వంక చూసి, తన గదిలోకి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అత్తయ్య ఇంటికొచ్చింది. రెండు కాళ్ళకీ చెప్పులున్నాయి. మొండిఘటం గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఎన్ని తీశావమ్మా?"

"అన్నీ" అంది అత్తయ్య. "రేపు నీ బిళ్ళలు తీసుకురా. ఈసారి తియ్యం."