స్కాట్లాండు దుప్పీ, మా పెదనాన్న వీధరుగూ

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఇంగ్లీషు వచ్చిన మనిషంటే గొప్ప మర్యాద ఉండేది. డిగ్రీ పాసై, ఉద్యోగం దొరక్క, ముమ్మిడివరం పక్కన మా ఊళ్ళో ఇంటిపట్టున కూర్చున్న నాలాంటి పిల్లకి కూడా ఆ మర్యాదలో కొంత వాటా దక్కేది. గల్ఫ్ నుంచి వచ్చిన కాగితం చదవాలన్నా, కొత్త మోటారు పెట్టెలో పెట్టిచ్చిన పుస్తకం అర్థం కావాలన్నా నాకే కబురు వచ్చేది. నేను వెళ్ళి చదివి, అర్థమైనంత చెప్పి, అర్థం కానిచోట కాస్త గొంతు పెంచి చెప్పేదాన్ని. (గొంతు పెంచితే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరని అప్పటికే కనిపెట్టాను.) ఆ ధైర్యంతోనే మా పెదనాన్నని తక్కువ ఖర్చులో విదేశానికి దుప్పి వేటకి తీసుకెళ్ళే పని నెత్తిన వేసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్లని దగ్గరికి పిలిచి వీపు తట్టాలనీ, అదే చేత్తో నెత్తిన ఒక్కటి మొట్టాలనీ అనిపిస్తుంది.

మా పెదనాన్నకి రొయ్యల చెరువులు ఉండేవి. పగలంతా చెరువు గట్టు మీద తిరగడం, సాయంత్రం స్నానం చేసి వీధరుగు మీద కూర్చుని వేట కథలు చెప్పడం ఆయన దినచర్య. ఆ కథలకి ఆధారం లేకపోలేదు. మా తాతకి లైసెన్సు తుపాకీ ఉండేది. లాంచీ ఎక్కి గోదావరి ఎగువకి, ఏజెన్సీ అడవుల్లోకి వెళ్ళి వేటాడి వచ్చేవాడట. ఆయన తెచ్చిన దుప్పి కొమ్ములు అరుగు మీద గోడకి ఉండేవి. మా పెద్దమ్మ వాటికి గొడుగులూ, బజారు సంచులూ తగిలించేది. వేట మీద నిషేధం వచ్చి, తాత ఆ తుపాకీని స్టేషన్లో అప్పగించే నాటికి పెదనాన్నకి మీసమైనా సరిగ్గా రాలేదు. కథల్లో మాత్రం తాత ఎప్పుడూ ఏ చెట్టు కిందో నిద్రపోతూ ఉండేవాడు, దుప్పి సరిగ్గా అప్పుడే వచ్చేది, తుపాకీ పెదనాన్న చేతిలోనే ఉండేది. రోజూ వచ్చి వినే వాళ్ళు ఇద్దరు. ఒకరు సర్కారు ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరు గారు. రెండోవారు అంబాజీపేట మార్కెట్టుకి కాయ పంపే కొబ్బరి మావయ్య. (మాకు వరసకి ఏమీ కారు, ఊరందరికీ మావయ్యే.) ఇద్దరూ మొదటిసారి వింటున్నట్టే వినేవారు.

రొయ్యల మేత అమ్మే కంపెనీలు రైతుల్ని బ్యాంకాక్ తిప్పుకురావడం అప్పట్లో మామూలే. అలా ఒకసారి వెళ్ళొచ్చిన పెదనాన్న, ఎవరూ లేని సమయం చూసి నా దగ్గరికి వచ్చారు. "అమ్మలూ, కొన్ని దేశాల్లో దుప్పిని కొట్టడానికి గవర్నమెంటే పర్మిషన్ ఇస్తుందంట. అక్కడ ఎర్ర దుప్పులని ఉంటాయంట, మన దుప్పి కంటే పెద్దవంట. ఎంతవుతుందో కాస్త చూడు. మరీ ఎక్కువ కాకూడదు. మీ పెద్దమ్మకి ఇప్పుడే చెప్పకు," అన్నారు. చూస్తానండీ అన్నాను. ఆయన వెళ్ళబోయి ఆగారు. "మా నాన్న నన్ను తీసుకెళ్తానన్నాడమ్మా. మీసం రానీరా అన్నాడు. ఈలోగా గవర్నమెంటు ఆపేసింది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నిజంగా కొట్టాలి. ఇన్నేళ్ళబట్టీ ఇంతమందికి ఇన్ని చెప్పేను కదా," అన్నారు నేల వంక చూస్తూ. అప్పుడు తెలిసింది నాకు, ఆ కథల్లో ఒక్కటీ జరగలేదని. ఆయన్ని చూస్తే జాలేసింది. వెంటనే ఆయన, "ఇంగ్లీషుకి నువ్వూ రావాలి మరి," అన్నారు. ఆ జాలంతా ఎటుపోయిందో, నేను మనసులో అప్పుడే విమానం ఎక్కేశాను.

నెట్టంటే అప్పట్లో లాప్‌టాప్‌కి గుచ్చే డాంగిల్. అది మా రెండిళ్ళకీ ఉమ్మడిగా ఉన్న డాబా మీద, నీళ్ళ ట్యాంకుకి తూర్పు వైపు కూర్చుంటే తప్ప పలికేది కాదు. ఎండలో నెత్తిన తువ్వాలు వేసుకుని దేశాలన్నీ వెతికాను. ముందు హంగరీ దొరికింది. అక్కడ దుప్పిని కొట్టాక కొమ్ములు కాటా వేసి, తూకాన్ని బట్టి డబ్బు తీసుకుంటారట. ఈ సంగతి చెప్పగానే పెదనాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయని చూసే మన కౌంటు లెక్క లాంటిదే. కాకపోతే ఇక్కడ రొయ్య పెద్దదైతే మనకి లాభం, అక్కడ కొమ్ము పెద్దదైతే మనకి దెబ్బ. మరి గురి చూసి కొట్టేముందు అదెన్ని కేజీలుంటుందో తెలిసేదెలాగమ్మా?" అన్నారు. చెరువులో వలేసి నాలుగు రొయ్యలు పట్టి చూసినట్టు దుప్పిని పట్టి చూడనివ్వరు కదండీ అన్నాను. "అయితే వద్దు. తూకం దగ్గర నేను ఎవర్నీ నమ్మను," అనేశారు. హంగరీ కథ అలా ముగిసింది.

తరువాత స్కాట్లాండు. అక్కడ మగ దుప్పి ఖరీదెక్కువ. వాటి సీజను అయిపోయాక ఆడ దుప్పుల సీజను వస్తుంది, అది చాలా చవక. విమానం టిక్కెట్లు కూడా అప్పుడే తగ్గుతాయి. ఇద్దరికి ఉత్తరాలు రాస్తే ఒకాయన జవాబిచ్చాడు. కొండల మధ్య ఒక బంగళాకి కాపలాదారు, వేటకి తీసుకెళ్ళేదీ ఆయనే. తుపాకీ వాళ్ళే ఇస్తారట. నేను తారీఖులు కూడా కుదిర్చేసి, ఇక పెద్దమ్మకి చెప్పకపోతే బాగుండదని వెళ్ళి చెప్పాను. పెద్దమ్మ పప్పు రుబ్బుతూ అంతా విని, లేచి చెయ్యి కడుక్కుని గోడ మీద కేలండరు దగ్గరికి వెళ్ళింది. "ఆ తారీఖులు కార్తీకమాసంలోవే," అంది. నేను గతుక్కుమన్నాను. నేను చూసింది స్కాట్లాండు చలి, లండన్ టిక్కెట్టు, రూపాయి రేటు. మన నెల చూడలేదు. "కార్తీకంలో ఈ ఇంట్లోకి ఉల్లిపాయ రానివ్వను. మీ పెదనాన్న దేశాలు దాటెళ్ళి ప్రాణం తీసొస్తారా? అదీ ఆడదాన్నా? కడుపుతో ఉంటే?" అంది. (ఆ కాలంలో అవి కడుపుతోనే ఉంటాయని నేను చదివే ఉన్నాను. గొంతు పెంచి చెప్పే అవకాశం అక్కడ లేకపోయింది.)

పెద్దమ్మ మనసు మాత్రం మెత్తన. పెదనాన్న మొహం చూసి, రెండు రోజుల తరువాత తనే పంచాంగం తెచ్చి నా ముందు కూర్చుంది. శ్రావణం కుదరదు, వరలక్ష్మీ వ్రతం. వినాయకచవితి తొమ్మిది రోజులూ కుదరదు. మహాలయ పక్షాల్లో గుమ్మం దాటి ప్రయాణం పెట్టుకోకూడదు. దసరాకి ఇంట్లో ఉండాలి. అటు స్కాట్లాండు వాళ్ళు మగ దుప్పుల సీజను మూసేసే రోజు ఒకటుంది. ఆ ఏడు దసరా కాస్త ముందుగా రావడం వల్ల, వాళ్ళ కేలండరుకీ మా పంచాంగానికీ మధ్య నాలుగు రోజుల సందు దొరికింది. ఖరీదు సంగతి కాపలాదారే తేల్చాడు. ముసలివై, కొమ్ములు వంకర పోయిన మగ దుప్పుల్ని వాళ్ళే మంద నుంచి ఏరి తీసేస్తారట, అలాంటిదైతే చవగ్గా ఇస్తానన్నాడు. "వయసు మళ్ళింది, సరుకు అంత బాగాలేదు. అది నాకు సరిగ్గా సరిపోయిందమ్మా," అని పెదనాన్న చాలారోజుల తరువాత గట్టిగా నవ్వారు.

ఇక ఊరంతా ప్రయాణమే. కొబ్బరి మావయ్య వేటకి ముందు కొట్టడానికి ఒలిచిన కాయ ఒకటి తెచ్చిపెట్టారు. కాంపౌండరు గారు తన ఉన్ని టోపీ ఇచ్చారు. పెదనాన్న నన్ను అమలాపురం తీసుకెళ్ళి ఇద్దరికీ రెయిన్‌కోట్లు కొన్నారు. నాకు పాస్‌పోర్టు వచ్చింది. హోటల్ ఖర్చు తగ్గించడానికి బియ్యం, ఆవకాయ, చిన్న కుక్కరు తీసుకెళ్దామని పెద్దమ్మా నేనూ నిర్ణయించాం. డబ్బు కట్టేముందు ఒకసారి ఆ పెద్దమనిషితో మాట్లాడాలని కాపలాదారు అన్నాడు. సరేనని ఒక సాయంత్రం లాప్‌టాప్‌ని అరుగు మీదికి తెచ్చాం. (డాంగిల్‌కి పొడుగు తీగ కట్టి డాబా మీదికి లాగడం నా ఆలోచనే.) పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. మిత్రులిద్దరూ చెరో పక్కన కూర్చున్నారు. తెర మీద ఆ కాపలాదారు, తెల్లగడ్డం పెద్దాయన, కనబడి చెయ్యి ఊపాడు. అందరం ఊపాం.

చలి సంగతీ, నడక సంగతీ చెప్పాక ఆయన ఒక మాట అడిగాడు. ఈయన ఎప్పుడైనా తుపాకీ కాల్చారా, జంతువుని కొట్టారా అని. కొట్టకపోతే ముందు బాగా నేర్చుకుని రావాలి, ఇక్కడికొచ్చాక బల్ల మీద గీసిన గుర్తుకి గురిపెట్టి కాల్చి చూపించాలి, గురి తప్పితే దుప్పి చావదు, గాయంతో కొండల్లో పడి ఎన్నో రోజులు తిరుగుతుంది అన్నాడు. ఆ అరుగు మీద ఆ రెండు భాషలూ తెలిసినదాన్ని నేనొక్కర్తినే. భోజనంలో ఏం కావాలని అడుగుతున్నారని ఇటు పెదనాన్నకి చెప్పి, ఈయన గొప్ప వేటగాడని అటు ఆయనకి చెప్పి గండం గట్టెక్కించవచ్చు. కానీ ఆ గాయం మాట నన్ను పట్టుకుంది. "ఏమడిగేడమ్మా?" అన్నారు పెదనాన్న. ఆయన చెవి దగ్గరికి వంగి, గాయం సంగతితో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

పెదనాన్న కాసేపు తెర వంక చూశారు. ఇటు కాంపౌండరు గారు, అటు కొబ్బరి మావయ్య. "లేదని చెప్పమ్మా," అన్నారు, అందరికీ వినబడేలా. నేను తటపటాయిస్తుంటే మళ్ళీ అన్నారు. "ఎప్పుడూ కొట్టలేదని చెప్పు. మా నాన్న తుపాకీ తుడిచేను గానీ ఒక్కసారీ పేల్చలేదని చెప్పు. ఆ మూగజీవి గాయంతో తిరగడం ఎందుకు." నేను చెప్పాను. ఆ పెద్దాయన టోపీ తీసి చాలా మర్యాదగా, ఎక్కడైనా నేర్చుకుని వచ్చే ఏడు రండి, తప్పకుండా తీసుకెళ్తాను అన్నాడు. కోనసీమలో రైఫిలు ఎక్కడ నేర్చుకుంటాం? నేను థాంక్యూ చెప్పి తెర మూశాను. కొబ్బరి మావయ్య, "పొద్దుపోయిందండీ," అని లేచారు. నిజానికి ఇంకా దీపాలు కూడా పెట్టలేదు. కాంపౌండరు గారు కండువా సర్దుకుని ఆయన వెనకే వెళ్ళారు.

మర్నాటి నుంచి ఇద్దరూ రాలేదు. పెదనాన్న కూడా అరుగు మీద కూర్చోలేదు, సాయంత్రం కూడా చెరువు దగ్గరే ఉండిపోయేవారు. నా విమానం పోయిందన్న బెంగ నాకు ఒక్క పూటే ఉంది. ఆ ఖాళీ అరుగు మాత్రం చూడలేక పెరటి దారిన తిరిగేదాన్ని. అందరికంటే పెద్దమ్మే ఎక్కువ నలిగిపోయింది. "ఆయన ఆ సోది చెప్పకపోతే నాకు అన్నం సయించట్లేదే. అవన్నీ కల్పనలేనని నేను కాపరానికొచ్చిన ఏడే మీ నానమ్మ చెప్పింది. నేనెప్పుడైనా అన్నానా? నువ్వెళ్ళి వాళ్ళని పిలుచుకురా," అంది.

కాంపౌండరు గారి ఇంటికి వెళ్ళి, పెదనాన్న తరఫున క్షమాపణలాంటిది ఏదో గొణిగాను. ఆయన నొచ్చుకున్నారు. "అయ్యో, అదేం మాటమ్మా. ఒకే దుప్పిని మీ పెదనాన్న గారు మూడు ఊళ్ళలో కొట్టేరు. మాకు తెలీదనుకున్నావా? ఆయ్, తెలిసే విన్నాం. ఆయనంత బాగా ఎవరు చెబుతారు? కాకపోతే పెద్దమనిషి మా ముందు అలా ఒప్పుకోవాల్సొచ్చింది. మమ్మల్ని చూస్తే ఆయనకి అదే గుర్తొస్తుంది కదా అని మొహం చాటేసేం," అన్నారు. ఆయన సిగ్గుపడతారని వీళ్ళు, వీళ్ళు చులకన చేస్తారని ఆయన. మా వాళ్ళ మర్యాద ఒక్కోసారి ఇంత పని చేస్తుంది.

ఆ సాయంత్రం ఇద్దరూ వచ్చారు. పెద్దమ్మ చెరువు దగ్గరికి మనిషిని పంపించి పెదనాన్నని రప్పించింది. కాసేపు రొయ్య ధర, కాసేపు కరెంటు కోత. అప్పుడు కాంపౌండరు గారు గొంతు సవరించుకుని, ఎటో చూస్తూ, "స్కాట్లాండు ప్రయాణం ఎలా జరిగిందండీ? వెళ్ళొచ్చేక మీరు మాకు చెప్పనే లేదు," అన్నారు. పెదనాన్న ఆయన వంక చూశారు. ఎగతాళి లేదు ఆ మొహంలో. కొబ్బరి మావయ్య అప్పటికే కాళ్ళు పైకి పెట్టుకుని వినడానికి సర్దుకున్నారు. పెదనాన్న పంచె చివరతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. "ఏం చెప్పమంటారండీ, ఆ చలి," అని మొదలుపెట్టారు. అంతే, ఇక ఆపలేదు. ఈసారి చెట్టు కింద నిద్రపోయింది తాత కాదు, ఆ తెల్లగడ్డం పెద్దాయన. నేను పెదనాన్న పక్కన తడి గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నానట. మధ్యలో రెండుసార్లు నా వైపు తిరిగి, "అంతేనా అమ్మలూ?" అని అడిగారు. "ఆయ్, అంతేనండీ," అన్నాను, గొంతు పెంచకుండానే.

ఆ కథ ఆయన చాలా ఏళ్ళు చెప్పారు. ఏటా కొండ ఎత్తు పెరిగేది, నా ధైర్యం కూడా పెరిగేది. నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, విమానం మాత్రం ఇంతవరకూ ఎక్కలేదు. పోయినేడు పెదనాన్న వెళ్ళిపోయారు. పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక అందరం దిగులుగా కూర్చుని ఉంటే కాంపౌండరు గారు (ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు) నన్ను పిలిచి, "అమ్మా, ఆయన స్కాట్లాండు సంగతి ఒకసారి చెప్పు. నువ్వూ ఉన్నావు కదా," అన్నారు. చెప్పాను. చలి, కొండ, తడి గడ్డి, కొమ్ములు వంకరపోయిన ముసలి దుప్పి, ఊపిరి బిగబట్టిన పెదనాన్న. ఎక్కడా తడుముకోలేదు. ఆయన ఎప్పుడూ చెప్పని చిన్న వాగు ఒకటి నా నోట దానంతటదే వచ్చింది. పట్నం నుంచి వచ్చిన బంధువుల కుర్రాడొకడు, నిజంగా వెళ్ళారా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కాంపౌండరు గారు, "వెళ్ళేరు బాబూ. రాజమండ్రి దాకా వెళ్ళి రైలెక్కించింది మేమే," అన్నారు. కొబ్బరి మావయ్య కళ్ళు తుడుచుకుంటూ, అవునని తల ఊపారు.