చప్పబడ్డ నాలుక, మూడు గుప్పెళ్ళ ఉప్పు

ఒక్క పొట్టేలు కూరతో కుదరబోయే సంబంధాన్నీ, ఊళ్ళో నా పరువునూ ఒకే పూట ఎలా ముంచానో చెబుతాను. పక్కన చెంబెడు నీళ్ళు పెట్టుకుని చదవండి.

ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. అప్పటినుంచి తర్లుపాడు చుట్టుపక్కల పెళ్ళిళ్ళకు వంట చేస్తున్నాను. అరచేతిలో చుక్క పులుసు వేసుకుని నాకితే చాలు, ఉప్పు ఎన్ని గుప్పెళ్ళు తక్కువో చెప్పేవాణ్ణి. నా నాలుకకు నేనే దండం పెట్టుకునేవాణ్ణి.

మార్కాపురంలో నర్సుగా చేసే రమణమ్మను చూసి వచ్చాం. నాకు తెగ నచ్చింది. వారానికి వాళ్ళ నాయన చుట్టాలను వెంటేసుకుని మా ఇల్లు చూడటానికి వచ్చాడు. వంట నేనే చేస్తానన్నాను. మా గొర్రెల మందలో బలిసిన పొట్టేలును కోశాం.

కూర ఉడుకుతుండగా వసారాలోంచి రమణమ్మ నాయన గొంతు వినపడింది.

"పిల్లోడు ఏం చదివినాడు బావా?"

మా నాయన దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఆగితే నా బతుకు బయటపడుతుంది. నా నోరు వేసవి గుండ్లకమ్మ ఏరులా ఇసుక తేలింది.

పులుసు నాకాను. చప్పన! గుప్పెడు ఉప్పు వేశాను. నాకాను. ఇంకా చప్పనే! ఇంకో గుప్పెడు.

"ఒరే, నన్నొకసారి చూడనీరా," అంది అమ్మ.

"నా నాలుక ఉండంగా ఇంకో నాలుకెందుకు? నువ్వు పోయి ఆకులెయ్యి."

"డబ్బా ఖాళీ అయినాదేందిరా!"

"ఈ కాలం ఉప్పులో ఉప్పేడుందమ్మా?" అంటూ గొర్రెలకు నాకించే కల్లుప్పు తెచ్చి మూడో గుప్పెడు వేశాను.

మొదటి ముద్దకే ఆ పెద్దాయన కళ్ళు గుడ్లగూబకు అన్నలయ్యాయి. మర్యాదస్థుడు, మింగాడు. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగుతాడంటారు. మా ఇంట ఉప్పు తిన్నవాళ్ళు వీధి బోరింగు దగ్గర వరుస కట్టారు.

"ఏంది బావా ఇది? గొర్రెలకు కలిపింది మాకు పెట్టినారా?"

"పిల్లోడిది కొంచెం పెద్ద చెయ్యి," అన్నాడు మా నాయన.

"చెయ్యి పెద్దదైతే అయింది, వంటోడికి నాలుకే లేదే! మా పిల్ల బతుకంతా బోరింగు కొట్టుకుంటా కూకోవాల్నా?"

వాళ్ళు వెళ్ళిపోయారు. సంబంధం కూడా వాళ్ళ ఆటోలోనే వెళ్ళిపోయింది.

మూడోనాడు ఫోను. రమణమ్మ!

"పొయ్యి కాడ భయపడినారా?"

"నేనా? భయమా?"

"నిజం చెప్పండి."

"...మీ నాయన చదువు మాట ఎత్తినాడు. నోరు పిడచ కట్టింది."

అటువైపు నవ్వు. "అదీ సంగతి! గుబులు పుడితే లాలాజలం తగ్గిపోతుంది, ఉన్నదీ జిగటవుతుంది. ఉప్పు దాంట్లో కరిగితేనే గదా నాలుకకు తెలిసేది? ఎండిన నాలుకను నమ్ముకుని వండినారు."

"ఆ ముక్క మీ నాయనకు చెప్పరాదా?"

"చెప్పినా. ఏడో తరగతని కూడా చెప్పినా, మీ ఊరంతా తెలిసిందే గదా. నా కోసం అంత భయపడినోడు నన్ను బాగా చూసుకుంటాడన్నా. ఒప్పుకున్నాడు. ఒకటే షరతు, పెళ్ళి వంట మీరు చెయ్యగూడదంట."

పెళ్ళినాడు వందలమంది కళ్ళ ముందు, ఆమె పక్కన భోజనానికి కూర్చున్నాను. ముద్ద పెట్టుకున్నాను. చప్పన! "ఒరే, ఉప్పు..." అని అరవబోయాను. రమణమ్మ నా చేతిలో గ్లాసు పెట్టింది.

"ముందు నీళ్ళు తాగండి."

తాగాను. కూరలో ఉప్పు దివ్యంగా సరిపోయింది.

కాబట్టి పెద్దలారా, మా మందలోని సమస్త గొర్రెల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను: ఇక ఈ జన్మలో నా సంబంధానికి వచ్చినవాళ్ళకు నేను వండను. ఈ ఒట్టు తప్పితే ఏం చేస్తుందో రమణమ్మ ముందే చెప్పింది.