ఏసీ ఆపకుండా దాటాలన్న మా బావగారు

మా బావగారు సుందరరావు గారు ప్రభువునందు నిద్రించారన్న దుర్వార్త, నేను ఆయన కారు కిందే వెల్లకిలా పడుకుని ఉండగా నా చెవిన పడింది. విజయవాడ ఆటోనగర్‌లో నాది కార్ల ఏసీలు బాగుచేసే షాపు. ఆ ఉదయమే ఆయన కొండపల్లి నుంచి ఫోన్ చేసి, "ఏమోయ్, ఆ కంప్రెసర్ ఇంకో అంగుళం కిందికి దించు" అన్నారు. "ఇంకా దించితే నేలకి తగులుద్ది బావగారూ, నా వల్ల కాదు" అని విసుక్కుని పెట్టేశాను. మధ్యాహ్నం కాకముందే మా కరుణక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. వరండాలో కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయారట. దిగ్భ్రాంతి అనే మాట పేపర్లో చాలాసార్లు చదివాను. దాని అర్థం ఆ రోజు తెలిసింది. కారు కింద నుంచి బయటికి రావడం కూడా కాసేపు నాకు చేతకాలేదు.

సంఘ పత్రికకు ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మని పాస్టరుగారు అడిగారు. సౌజన్యమూర్తి, నిరాడంబరుడు, సేవాతత్పరుడు అని మొదలుపెట్టాను. అన్నీ నిజాలే, కానీ కలం ముందుకు సాగడం లేదు. నాకింకా కోపంగా ఉంది. ఏ పనీ సగంలో వదలని మనిషి, ఈ ఒక్క పనిని నా నెత్తిన పడేసి వెళ్ళిపోవడం ఏం న్యాయం?

బావగారు ఉద్యోగ జీవితమంతా థర్మల్ విద్యుత్ కేంద్రంలో, టర్బైన్ల దగ్గర గడిపారు. ఆ హోరులో పనిచేసీ చేసీ ఇంట్లో కూడా కాస్త గట్టిగానే మాట్లాడేవారు. కుర్రవాళ్ళకు పని నేర్పేటప్పుడు ఆయన తరచుగా అనే మాట ఒకటుంది: "వేడి ఎటో ఒకవైపు పోక తప్పదు. అది మనిషి వైపు పోకుండా చూడ్డమే మన పని." రిటైరయ్యాక ఆ మాటను పట్టుకొచ్చి నా షాపులో పెట్టారు. నా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

ఆయనది పాత డీజిల్ కారు. దృఢమైనదే గాని శక్తి తక్కువ. ప్రతి ఆదివారం దంపతులిద్దరూ అందులోనే కొండపల్లి నుంచి ఉయ్యూరు దగ్గర మా సంఘానికి వచ్చేవారు. బావగారు అక్కడ పెద్ద, అక్క పాటల జట్టులో ముందు గొంతు. దారిలో లారీనో, చెరుకు ట్రాక్టరునో దాటాలంటే ఏసీ వేసి ఉన్న ఆ ఇంజనుకు జోరు చాలేది కాదు. అలాంటి బండ్లు నడిపినవాళ్ళందరికీ తెలిసిన ఉపాయమే: ముందు ఏసీ ఆపాలి, తర్వాత దాటాలి. బావగారు రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఆపు" అనేవారు. అక్క బటన్ నొక్కేది. దాటాక "వెయ్యి" అనేవారు. మళ్ళీ నొక్కేది. అప్పుడప్పుడు విజయవాడలో ఎక్కి వెనక సీట్లో కూర్చునే నాకు ఇది తమాషాగా ఉండేది. "కాపురమంతా ఈ రెండు మాటల మీదే నడిపేస్తున్నారేంటి బావగారూ" అని ఏడిపించేవాణ్ణి. "మూడో మాట నేర్పితే మీ అక్క దెబ్బలాడుద్దోయ్" అనేవారు.

ఒక వేసవి ఆదివారం చెరుకు ట్రాక్టర్లు వరసగా అడ్డం వచ్చాయి. ఏసీ ఆపి ఉంది, ఉక్కకు తాళలేక అద్దాలు దించారు, దుమ్మంతా లోపలికి కొట్టింది. అక్కకు మొదటి నుంచీ ఉబ్బసం. ఆ రోజు ఊపిరి అందక ఆమె నీలంగా మారిపోతే, బావగారు బండి పక్కకు తీసి, ఆమె వీపు నిమురుతూ ఏడ్చారట. మరునాడే కారుతో సహా నా షాపులో దిగారు. "దీనికి టర్బో పెట్టిద్దాం. ఏసీ మాత్రం ఉండాలి. ఇకమీదట మీ అక్క చెయ్యి ఆ బటన్ మీద పడకూడదు" అన్నారు. కొత్త కారు కొనుక్కోమని బతిమాలాను. "బండి బాగానే ఉందిగా" అన్నారు.

టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఇంజను వదిలే పొగ జోరుకు ఒక చిన్న చక్రం తిరుగుతుంది, అది ఇంజనులోకి మరింత గాలిని తోస్తుంది. చిక్కంతా చోటుతోనే వచ్చింది. ఆ కారులో టర్బో కూర్చోవాల్సిన చోటే ఏసీ కంప్రెసర్ ఉంది. పైగా టర్బో నిప్పులా కాలుతుంది, ఏసీ గొట్టాలు వేడికి ఓర్చవు. ఆటోనగర్‌లో అడిగిన ప్రతివాళ్ళూ ఒకటే అన్నారు: "ఏసీ తీసేయండి సార్, రెండ్రోజుల్లో ఇచ్చేస్తాం." ఆ మాట వినగానే బావగారు కుర్చీలోంచి లేచిపోయేవారు. "ఇంట్లోవాళ్ళని దింపేసి బండి తేలికైందన్నట్టుందయ్యా మీ వరస" అనేవారు. చివరికి పక్క వీధి ఇంజన్ షాపువాళ్ళు టర్బో బిగించారు. ఏసీని బతికించే పని బావమరిదినైన పాపానికి నా మీద పడింది.

ఇక రోజూ క్యారేజీ తెచ్చుకుని నా షాపులోనే మకాం. వచ్చిన బేరగాళ్ళు ఆయన్నే ఓనరనుకునేవారు. కంప్రెసర్‌ను పట్టి ఉంచే ఇనప బ్రాకెట్టు ఒకటి చేయించాను, బెల్టు జారింది. ఇంకొకటి చేయిస్తే రేడియేటర్‌కు ఒరుసుకుంది. మూడోది కుదిరిందని హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళాం. వెళ్ళేటప్పుడు కారు లేడిపిల్లలా దూకింది. తిరుగుదారిలో ఏసీ గొట్టం టర్బో వేడికి పగిలి, గ్యాసంతా పోయి, గన్నవరం దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం చెమటతో స్నానం చేశాం. నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే, ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "జోరు బాగుంది కదోయ్" అన్నారు. ఆ శాంతస్వభావాన్ని అందరూ పొగుడుతారు. ఆయన పక్కన కూర్చుని పనిచేసి చూస్తే తెలుస్తుంది, అది ఎంత ఒళ్ళు మండించేదో!

నన్ను అన్నిటికంటే కాల్చింది వేరే ఉంది. పూర్తయ్యేదాకా అక్కను ఆ కారు ఎక్కించనని ఆయన పంతం పట్టారు. ఫలితం, ఉబ్బసం మనిషి నెలల తరబడి బస్సుల్లో దుమ్ము తింటూ ఉయ్యూరు వచ్చింది. అద్దె కారు మాట్లాడతానంటే ఇద్దరూ వద్దన్నారు. ఒక ఆదివారం నేను అక్క మీదే ఎగిరాను. "నువ్వైనా చెప్పవేంటక్కా?" అంటే, "నేనడిగానేంట్రా ఈ టర్బోలూ అవీ? ఆపమంటే ఆపేదాన్ని, వెయ్యమంటే వేసేదాన్ని. నాకు బాగానే ఉండేది. ఆయన మనసు పడ్డారు, కానీలే" అంది. ఈ దంపతుల మధ్య నేనెందుకు నలుగుతున్నానో అర్థం కాలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక షాపుకు వెళ్ళి ఆయన చెప్పినట్టే, టర్బో వేడికి దూరంగా కంప్రెసర్‌ను ఇంకో అంగుళం దించాను. మొదటి స్పీడ్ బ్రేకరుకే తగిలింది. మళ్ళీ అర అంగుళం పైకెత్తి, టర్బోకూ గొట్టాలకూ మధ్య రేకు అడ్డం పెట్టాను. పనిచేసింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎంత తోలినా చల్లదనం తగ్గలేదు. అంగుళం అక్కర్లేదు బావగారూ, అర అంగుళం చాలు అని ఆయన మొహం మీద అనాలి నేను. ఆయన ఒప్పుకోకుండా వాదించాలి. ఆ వాదన లేకపోతే ఇంత కష్టపడిన తృప్తి నాకెక్కడిది?

ఆయన జ్ఞాపకార్థం సంఘంలో పెట్టిన ఆదరణ కూటానికి అక్కను ఆ కారులోనే ఉయ్యూరు తీసుకెళ్ళాను. బందరు రోడ్డు మీద ముందు చెరుకు ట్రాక్టరు కనపడగానే, ఆమె చెయ్యి దానంతటదే బటన్ దగ్గరికి వెళ్ళింది. "అక్కర్లేదక్కా, బావగారు చేయించింది ఇందుకే" అన్నాను. ఏసీ ఆపకుండానే సునాయాసంగా దాటాం. నాకు గర్వంగా ఉంది. కొంచెం దూరం పోయాక లారీ వచ్చింది. ఈసారి ఆమె బటన్ నొక్కేసింది.

"అక్కా! ఎందుకాపావ్? ఇంత చేసింది దేనికి?" అని కసిరాను.

"ఉండనీరా," అంది అక్క, రోడ్డు వైపే చూస్తూ. "దాటాక వెయ్యమని చెప్పు."

దాటాను. లోపల ఉక్క పెరుగుతోంది, అక్క బటన్ మీద వేలు ఉంచుకుని ఎదురుచూస్తోంది.

బావగారూ, ఈ అశ్రునివాళితో పాటు ఒక్క మాట విన్నవించుకుంటున్నాను. మీ టర్బో పనిచేస్తోంది, మీ ఏసీ పనిచేస్తోంది. "వెయ్యి" అనడం మాత్రం నా వల్ల కాలేదు.