చిన్ని మోకాళ్ళు మడిచిందెవరు?

దెయ్యాలంటే నాకు బొత్తిగా నమ్మకం లేదు. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే ముందు లేచిపోయేది నేనే. ఏలూరులో మత్తు డాక్టర్ని. స్పృహ ఎలా పోతుందో, ఎలా తిరిగొస్తుందో రోజూ చూసే మనిషిని. అందుకే ఇది చెప్పడానికి నాకే ఎబ్బెట్టుగా ఉంది.

మండవల్లి నుంచి చిన్ని అనే నాలుగేళ్ళ పిల్లను వాళ్ళ మామ్మగారు తీసుకొచ్చారు. పుట్టుకతోనే గుండె జబ్బు. ఏడిస్తే పెదాలు నీలంగా మారతాయి. విజయవాడలో గుండె ఆపరేషన్‌కి ముందు పుచ్చుపళ్ళు తీయించాలి. ఆ పని మా మీద పడింది.

మత్తుకు ముందు తిండి పెట్టొద్దని, రెండు గంటల ముందు దాకా మంచినీళ్ళు మాత్రం పట్టమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను.

"మందు బాగా పట్టాలని రాత్రి నుంచి చుక్క నీళ్ళు కూడా ముట్టనివ్వలేదండీ," అన్నారు మామ్మగారు తృప్తిగా.

"ఇదేమైనా కార్తీక సోమవారం ఉపవాసమాండీ?" అని కసిరాను. ఆవిడ మొహం చూశాక జాలేసింది.

ఒళ్ళు ఎండిపోతే ఇలాంటి పిల్లలకు ప్రమాదం. కాసిని నీళ్ళు పట్టించి రెండు గంటలు ఆగాం. అయినా సెలైన్‌కి నరం దొరకలేదు. చిగుళ్ళలో చీము, జ్వరం. వాయిదా వేసే వీల్లేదు. మాస్కుతో మత్తు గ్యాస్ ఇచ్చాను.

ఆ గ్యాస్‌కి ఒంట్లో రక్తనాళాలు సడలుతాయి. ఇలాంటి గుండెలో అప్పుడు రక్తం ఊపిరితిత్తులకు వెళ్ళకుండా దారి మళ్ళుతుంది. చిన్ని నల్లబడిపోయింది. గ్యాస్ తగ్గించి, "మోకాళ్ళు మడవండి!" అని అరిచాను. మోకాళ్ళు రొమ్ముకు ఆనిస్తే రక్తం మళ్ళీ దారికొస్తుంది.

తలెత్తి చూస్తే మోకాళ్ళు అప్పటికే రొమ్ముకు ఆని ఉన్నాయి. మెల్లగా రంగు తిరిగింది. నరం దొరికింది, పళ్ళూ తీశాం.

తర్వాత నర్సును మెచ్చుకుంటే ఆమె తెల్లబోయింది. "నేను చెయ్యి దగ్గర నరం వెతుకుతున్నానండీ. మీరే మడిచారనుకున్నా."

పళ్ళ డాక్టరు అప్పటికింకా బయట చేతులు కడుక్కుంటున్నారు. మత్తులో ఉన్న పిల్ల కాళ్ళు ఎవరూ పట్టుకోకపోతే వాలిపోతాయి.

మెలకువ వచ్చాక చిన్ని అడిగింది, "మామ్మా, తాతయ్య ఏడి? నన్ను కూచోపెట్టాడు కదా."

మామ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మొన్న వానల్లో పోయారండీ ఆయన. చేపల చెరువు గట్టు మీద దీనికి ఆయాసమొస్తే ఆయనే అలా మోకాళ్ళు మడిచి కూచోపెట్టేవారండీ."

మత్తులో పిల్లలు కలలు కంటారు, సరే. ఆ కాళ్ళు పట్టుకున్నదెవరో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. చిన్ని గుండె ఆపరేషన్ బాగా జరిగింది. బడికి వెళ్తోంది.

ఇలాంటి పిల్లలు వస్తే నీళ్ళు తాగారో లేదో ఇప్పుడు నేనే దగ్గరుండి చూసుకుంటాను. గ్యాస్ ఇచ్చేటప్పుడు కాళ్ళ వైపు కాస్త చోటు ఖాళీగా ఉంచమంటాను. ఎందుకని నర్సులు అడిగితే కోప్పడతాను.